కబడ్డీ మేనేజర్ గేమ్‌లో ఆటగాళ్ల స్వభావం, జట్టు కెమిస్ట్రీ: మొదటి నుంచి చివరి దాకా

"గేమ్ నడుస్తోంది, స్కోర్లు కూడా నమ్మేలాగే వస్తున్నాయి. కానీ ఆటగాళ్లందరూ ఒక్కలాగే అనిపిస్తున్నారు. ఏం చేయాలి?" సొంతంగా స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ గేమ్ (ఆటగాడిగా కాక కోచ్‌గా జట్టును నడిపే కంప్యూటర్ గేమ్) తయారీ మొదలుపెట్టిన వరంగల్, కరీంనగర్ విద్యార్థులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. విడివిడిగా జవాబు చెప్పేకన్నా మొత్తం పని వరుసగా రాస్తే నయమనిపించింది.

రెండు మాటలు ముందే చెప్తాను. కోచ్ నిర్ణయాన్ని మార్చని గుణం గేమ్‌లో ఉండక్కర్లేదు. ఇద్దరు ఆటగాళ్ల మధ్య లేని కెమిస్ట్రీ, అంటే కలిసి ఆడటంలో కుదురు, జట్టు మొత్తానికి ఎక్కడి నుంచీ రాదు. కింద చెప్పేదంతా ఈ రెండింటి మీదే నిలబడుతుంది.

ఉదాహరణకు కబడ్డీ తీసుకున్నాను. మ్యాట్ మీద ఉండేది ఏడుగురే, ఎవరు ఎవరితో కలిసి పట్టారో కంటికి కనిపిస్తుంది. పైగా మన దగ్గర చూసి నేర్చుకోవడానికి గ్రౌండ్‌కు కొదవ లేదు. క్రికెట్‌కో ఫుట్‌బాల్‌కో చేస్తున్నా పద్ధతి ఇదే.

1. కోడ్ ముట్టుకునే ముందు గ్రౌండ్‌కు వెళ్లండి

హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో ప్రాక్టీస్ అయినా సరే, సంక్రాంతికి ఊళ్లో పెట్టే టోర్నమెంట్ అయినా సరే. నోట్‌బుక్ పట్టుకొని కూర్చోండి. స్కోరు రాసుకోకండి, మనుషుల్ని రాసుకోండి.

చూడాల్సినవి:

- దొరికిపోయిన రైడర్ (కూతకు వెళ్లినవాడు) బయటికి వస్తూ ఎవరి వైపు చూస్తాడు? కోచ్ వైపా, దోస్తు వైపా, నేల వైపా?
- వరసగా రెండు రైడ్లు ఖాళీగా పోయాక, డూ ఆర్ డై రైడ్‌కు (పాయింట్ తేవాలి, లేదంటే ఔట్) తనంతట తాను కదిలేది ఎవరు?
- కార్నర్ (చివర నిలబడే డిఫెండర్) తొందరపడి పాయింట్ ఇచ్చేస్తే పక్కనున్న కవర్ (లోపలివైపు నిలబడే డిఫెండర్) ఏమంటాడు? అరుస్తాడా, భుజం తడతాడా, ఏమీ అనడా?
- అంపైర్ తీర్పు నచ్చనప్పుడు ఎవరు లొల్లి పెడతారు, ఎవరు వాళ్లను వెనక్కి లాగుతారు?
- బెంచ్ మీదివాళ్లు మ్యాచ్ చూస్తున్నారా, ఫోన్ చూస్తున్నారా?

అసలు పేర్లు రాయకండి, జెర్సీ నంబర్లు చాలు. మీకు కావలసింది ప్రవర్తన. ఫలానా ఊరి ఫలానా అబ్బాయి గేమ్‌లో కోపిష్టిగా కనిపించడం ఎవరికీ మంచిది కాదు.

2. గుణాల కన్నా ముందు నిర్ణయాల పట్టీ రాయండి

ఎక్కువమంది ఇక్కడే తలకిందులుగా మొదలుపెడతారు. ముందు ఇరవై గుణాలు రాసుకుంటారు, తర్వాత వాటికి పని వెతుకుతారు. అలా కాకుండా, మీ గేమ్ ఆడే మనిషి కోచ్‌గా ఏమేం తేల్చుకోవాలో రాయండి:

- మొదటి ఏడుగురు ఎవరు?
- డూ ఆర్ డైకి ఎవరిని పంపాలి?
- టైమౌట్ ఎప్పుడు తీసుకోవాలి, అందులో ఎవరితో మాట్లాడాలి?
- ఆలౌట్ (జట్టంతా ఔటవడం) దగ్గర పడ్డప్పుడు తెగించి పట్టమనాలా, ఆగమనాలా?
- కెప్టెన్ ఎవరు?
- బయట ఊరికి వెళ్లినప్పుడు ఏ ఇద్దరిని ఒక గదిలో ఉంచాలి?
- పెద్ద జట్టు పిలిస్తే వెళ్తానంటున్నవాడిని ఆపాలా, పంపాలా?

ప్రతి గుణం ఈ పట్టీలో కనీసం రెండు నిర్ణయాలను తాకాలి. ఒక్కదాన్నే తాకితే దాన్ని ఇంకో గుణంలో కలిపేయండి. ఏదీ తాకకపోతే కొట్టేయండి, ఎంత ముచ్చటగా ఉన్నా సరే.

3. ఆరు గుణాలు చాలు

నేను వాడేవి ఇవి. పేర్లు మీ ఇష్టం, పని మాత్రం స్పష్టంగా ఉండాలి.

- నిబ్బరం: టెన్షన్ పెరిగినప్పుడు ఆట పడిపోతుందా, లేస్తుందా.
- తెగింపు: ప్రమాదం ఉన్న ఎత్తుగడ ఎంత తరచుగా ఎంచుకుంటాడు.
- సాధన: ప్రాక్టీస్‌లో ఎంత వేగంగా మెరుగవుతాడు, దెబ్బ తగిలాక ఎంత శ్రద్ధగా కోలుకుంటాడు.
- కోపం: ఓటమి, తిట్టు, తప్పుడు తీర్పు ఎంతసేపు మనసులో ఉంటాయి.
- కలుపుగోలుతనం: కొత్త మనిషితో ఎంత త్వరగా కుదురుతుంది.
- ఆశ: ఎక్కువ ఆట, ఎక్కువ పేరు, పెద్ద జట్టు ఎంత కోరుకుంటాడు.

ఇక్కడ ఒక తేడా జాగ్రత్తగా పట్టుకోవాలి. నిబ్బరం గెలుపు అవకాశాన్ని మారుస్తుంది. తెగింపు మాత్రం అవకాశాన్ని మార్చకూడదు, ఎంపికను మార్చాలి. ఎదుట ఆరుగురు లేదా ఏడుగురు డిఫెండర్లు ఉన్నప్పుడే బోనస్ లైన్ పాయింట్ ఉంటుంది కదా. అప్పుడు తెగింపు ఉన్న రైడర్ బోనస్ కోసం లోపలికి కాలు వేస్తాడు, లేనివాడు బాక్ లైన్ (రైడర్ తప్పక దాటాల్సిన గీత) దాటి వెనక్కి వస్తాడు. డిఫెన్స్‌లో ముగ్గురే మిగిలారనుకోండి, పట్టగలిగితే సూపర్ ట్యాకిల్ కింద అదనపు పాయింట్. తెగింపు ఉన్న కార్నర్ అప్పుడు ముందుకు దూకుతాడు. దొరికిందా సరే, లేదంటే ఆలౌట్‌కు ఇంకో అడుగు. ఇలా ఎంపిక మారితేనే ఆడేవాళ్లకు "వీడు ఇంతే, వీడి పద్ధతే ఇది" అనిపిస్తుంది. శాతాలు అటూ ఇటూ జరిగితే ఆ మాట రాదు.

ప్రతి గుణానికీ ఒక లాభం, ఒక నష్టం ఉండాలి. ఆశ ఎక్కువ ఉన్నవాడు బాగా కష్టపడతాడు, కానీ బెంచ్ మీద కూర్చోబెడితే నెలలో బ్యాగ్ సర్దుకుంటాడు. కలుపుగోలు మనిషి కొత్తవాళ్లను త్వరగా కలుపుకుంటాడు, కానీ అతను అలిగితే అతనితో పాటు నలుగురు అలుగుతారు.

ఒక విషయంలో గట్టిగా ఉండండి: ఏ గుణాన్నీ కులానికీ, మతానికీ, ఇంటిపేరుకూ, ఊరికీ ముడిపెట్టకండి. "ఆ మండలం వాళ్లకు కోపం ఎక్కువ" అని కోడ్‌లో రాస్తే అది గేమ్ డిజైన్ కాదు, మనుషుల్ని అవమానించడం.

4. అంకెలు పుట్టించడం

1 నుంచి 20 దాకా సమానంగా లాటరీ తీసినట్టు అంకెలు ఇవ్వకండి. జట్టు నిండా విపరీతమైన మనుషులే తేలుతారు. మూడు పాచికల మొత్తం తీసుకోండి. 3 నుంచి 18 వస్తుంది, సగటు 10.5, ఎక్కువమంది నడుమ ఉంటారు. 18 పడే అవకాశం 216లో ఒకటి. 12 మంది స్క్వాడ్‌కు ఆరు గుణాల చొప్పున 72 అంకెలు కాబట్టి, సగటున మూడు జట్లకు ఒకసారి 18 కనిపిస్తుంది. అలాంటి మనిషి దొరికినప్పుడు ఆడేవారికి గుర్తుండిపోతుంది.

తర్వాత రెండు సవరణలు చేయండి. వయసు పెరిగేకొద్దీ నిబ్బరం కొంచెం పెంచండి, కోపం కొంచెం తగ్గించండి, సీజన్‌కు ఒక అంకె దాటకుండా. ఇక ఆట నైపుణ్యానికీ గుణాలకూ మధ్య లింకు పెట్టకండి. గొప్ప రైడర్‌కు అన్ని మంచి గుణాలూ ఇస్తే కోచ్‌కు ఆలోచించే పనే ఉండదు.

5. స్వభావాన్ని మ్యాచ్‌లోకి దించడం: ఒక డూ ఆర్ డై రైడ్

ఇది నిదానంగా చదవండి. గేమ్ నిలిచేదీ కూలేదీ ఇక్కడే.

మీ దగ్గర ఇద్దరు రైడర్లున్నారు. మొదటివాడి నైపుణ్యం ఎక్కువ: ఈ డిఫెన్స్ మీద మామూలు విజయావకాశం 50 శాతం, నిబ్బరం 6. రెండోవాడి అవకాశం 44 శాతం, నిబ్బరం 15.

ఒత్తిడిని 0 నుంచి 1 దాకా కొలవండి. మిగిలిన సమయం, స్కోరు తేడా, అది డూ ఆర్ డైయా కాదా, ఈ మూడూ కలిపితే చాలు. సూత్రం ఇది: నిబ్బరం నుంచి 10.5 తీసేయండి, వచ్చినదాన్ని 1.5తో, తర్వాత ఒత్తిడితో హెచ్చవేయండి. చివరికి వచ్చిన అంకె ప్లస్ అయితే మామూలు అవకాశానికి అంత శాతం కలపండి, మైనస్ అయితే తీసేయండి.

ఫస్టాఫ్ మధ్యలో, ఒత్తిడి 0.2 అనుకుందాం. మొదటివాడు 48.65కు దిగుతాడు, రెండోవాడు 45.35కు ఎక్కుతాడు. ఇంకా మొదటివాడే మేలు.

చివరి నిమిషం, ఒక పాయింట్ వెనక, ఒత్తిడి 1. మొదటివాడు 43.25, రెండోవాడు 50.75. ఇప్పుడు పంపాల్సిన మనిషి మారిపోయాడు.

మనకు కావలసింది ఇదే. గుణం ఉన్నందుకు నిర్ణయం మారింది. మీ సూత్రంతో ఏ సందర్భంలోనూ ఇలా మనిషి మారకపోతే, 1.5 బదులు 2 పెట్టి చూడండి. ప్రతిసారీ మారిపోతుంటే 1కి తగ్గించండి. గుణం వల్ల వచ్చే తేడా ఎటువైపైనా 8 శాతం దాటకుండా హద్దు పెట్టండి, లేదంటే నైపుణ్యానికి విలువ పోతుంది.

6. కెమిస్ట్రీని జోడీల్లో దాచండి

"జట్టు కెమిస్ట్రీ: 74" అని ఒక్క అంకె పెట్టుకుంటే అది ఎందుకు పెరిగిందో, ఎందుకు తగ్గిందో చెప్పలేరు. ప్రతి ఇద్దరి మధ్యా విడిగా దాచండి. మ్యాట్ మీద ఏడుగురుంటే 21 జోడీలు, 12 మంది స్క్వాడ్‌లో 66. కంప్యూటర్‌కు ఇది లెక్కే కాదు.

ప్రతి జోడీకి 100 లోపు రెండు అంకెలు కావాలి. ఒకటి ఆట పొత్తు, అంటే మ్యాట్ మీద ఒకరి కదలిక ఒకరికి తెలియడం. రెండోది దోస్తానా, అంటే మ్యాట్ బయట ఒకరంటే ఒకరికి ఎంత ఇష్టం. క్రీడా మనస్తత్వ శాస్త్రంలోనూ ఈ విభజన ఉంది. 1985లో విడ్‌మేయర్, బ్రాలీ, క్యారన్ రూపొందించిన ప్రశ్నావళి జట్టు ఐక్యతను ఆట లక్ష్యం వైపు ఒకటిగా, సామాజికంగా ఇంకొకటిగా కొలుస్తుంది. ఒకరంటే ఒకరికి పడకపోయినా మ్యాట్ మీద అద్భుతంగా పట్టే జోడీలు ఉంటాయి. రెండూ కలిపేస్తే అలాంటివాళ్లు మీ గేమ్‌లో పుట్టరు.

స్థానాల బరువు: అన్ని జోడీలూ సమానం కాదు. ఎడమ కార్నర్, ఎడమ కవర్ జోడీకి పెద్ద బరువు ఇవ్వండి. కుడివైపూ అంతే. రెండు కవర్ల మధ్య దానికి కొంచెం తక్కువ. ఎడమ కార్నర్, కుడి కార్నర్ మధ్య నామమాత్రం.

ఎలా పని చేయాలి: కార్నర్ కాలు పట్టిన క్షణంలో కవర్ వచ్చి మీద పడాలి. ఆ సాయం ఆలస్యమైతే రైడర్ లాక్కుంటూ మిడ్ లైన్ తాకేస్తాడు. కాబట్టి ఆట పొత్తును సమయంగా మార్చండి. సాయం ఆలస్యం 0.6 సెకన్లు, అందులోంచి పొత్తు అంకెకు 0.004 చొప్పున తీసేయండి. పొత్తు 20 ఉన్న జోడీకి 0.52 సెకన్లు, 70 ఉన్న జోడీకి 0.32 సెకన్లు. ఇలా చేస్తే కెమిస్ట్రీ తెర మీద కనిపిస్తుంది. కవర్ ఆలస్యంగా రావడం ఆడేవారు కళ్లారా చూస్తారు.

ఎలా పెరగాలి: కలిసి ఆడిన ప్రతి మ్యాచ్‌కు, 100కు ఇంకా ఎంత దూరం ఉందో దానిలో 4 శాతం కలపండి. 20తో మొదలైన జోడీ పది మ్యాచ్‌లకు 47 దగ్గరికి, ఇరవై ఐదు మ్యాచ్‌లకు 71 దగ్గరికి వస్తుంది. మొదట్లో వేగంగా, తర్వాత నెమ్మదిగా. విడిపోయిన జోడీకి వారానికి కొద్దిగా తగ్గించండి, కానీ సున్నాకు పోనివ్వకండి.

దోస్తానా నేరుగా మ్యాచ్‌లో కలపకండి. దోస్తులైనంత మాత్రాన పట్టు బిగుసుకోదు. దోస్తానా బాగుంటే ఆ 4 శాతాన్ని 5 చేయండి, చెడితే 3 చేయండి. అంటే దోస్తులు ఒకరినొకరు త్వరగా నేర్చుకుంటారు. తప్పు జరిగినప్పుడు తిట్టుకుంటారా, సర్దుకుంటారా అన్నది కూడా దోస్తానాయే తేల్చాలి.

కార్డులు సేకరించే గేముల పద్ధతిని ఇక్కడికి తేకండి. ఫిఫా 23 అనే ఫుట్‌బాల్ వీడియో గేమ్‌లోని అల్టిమేట్ టీమ్‌లో ఒక్కో ఆటగాడికి గరిష్ఠంగా 3, జట్టుకు 33 కెమిస్ట్రీ పాయింట్లు, క్లబ్, లీగ్, దేశం కలిస్తే వచ్చేవి. కార్డుల పజిల్‌కు అది చక్కగా సరిపోతుంది. మేనేజ్‌మెంట్ గేమ్‌లో మాత్రం కెమిస్ట్రీ కాలంతో, కలిసి ఆడటంతో రావాలి.

7. గుంపులు, కెప్టెన్, అలకలు

గుంపులు మీరు రాయకండి, దోస్తానా అంకెల నుంచి వాటంతటవే తేలనివ్వండి. పరకాల నుంచి వచ్చిన ఇద్దరికీ, ఒకే హాస్టల్‌లో ఉండే ముగ్గురికీ మొదట్లో కొంచెం ఎక్కువ దోస్తానా ఇవ్వండి, అంతే. ఒకరికొకరు 60 దాటినవాళ్లను గుంపుగా లెక్కించండి. సీజన్ సగానికి ఆ గుంపులు మారాలి. మారడం లేదంటే మీ సంఘటనలు బలహీనంగా ఉన్నట్టు.

కెప్టెన్ అంటే అందరికీ ప్లస్ ఐదు కాదు. కెప్టెన్ పని మూడ్ పాకే దారిని మార్చడం. ఆలౌట్ అయి ఎదుటి జట్టుకు రెండు అదనపు పాయింట్లు పోయాక ఏడుగురూ తిరిగి మ్యాట్ మీదికి వస్తారు. ఆ క్షణంలో కెప్టెన్ నిబ్బరం చూడండి. ఎక్కువ ఉంటే మిగతావాళ్ల నిరాశ సగానికి తగ్గించండి. తక్కువ ఉంటే అలాగే వదిలేయండి.

ప్రతి అలకకూ కారణం దాచండి. ప్రతి జోడీ దగ్గర, కోచ్‌తో ప్రతి ఆటగాడి దగ్గర, చివరి ఐదు సంఘటనలు తేదీతో సహా ఉండాలి: "సెమీస్‌లో ఆడిస్తానని ఆడించలేదు", "దెబ్బ తగిలినప్పుడు గదికి వచ్చి చూశాడు". ఈ చిట్టా లేకపోతే ఆటగాడు ఎందుకు అలిగాడో ఎవరికీ తెలియదు, ఆడేవారికి గేమ్ మీదే కోపం వస్తుంది.

8. అంకెలు చూపించకండి, మాట వినిపించండి

ఫుట్‌బాల్ మేనేజర్ అనే గేమ్‌లో ఒత్తిడి తట్టుకోవడం, వృత్తి పట్ల శ్రద్ధ వంటివి దాచి ఉంచుతారు, ఆడేవారికి వాటి సారం ఒక చిన్న మాటలో చూపిస్తారు. మనం ఇంకో అడుగు ముందుకు వేయొచ్చు, ఎందుకంటే మన భాష మన చేతిలో ఉంది.

ఒకే సంఘటన తీసుకోండి: మొదటి ఏడుగురిలోంచి తీసేశారు. కోచ్‌తో ముగ్గురు మూడు రకాలుగా మాట్లాడతారు.

సాధన ఎక్కువ, కోపం తక్కువ: "సరే సార్. రేపు పొద్దున జర ముందే వస్త. యాడ తప్పు పోతున్నదో చూపియ్యుండ్రి."

కోపం, ఆశ రెండూ ఎక్కువ: "నేనేం తక్కువ ఆడిన సార్? ముందుగాల అది చెప్పుండ్రి."

కలుపుగోలు ఎక్కువ, ఆశ తక్కువ: "తమ్మునికి చాన్స్ రానియ్యుండ్రి సార్. నేను బయట నుంచి చెప్త."

జోడీ కుదిరిందని చెప్పడానికి కూడా అంకె వద్దు. జూనియర్ కవర్ సీనియర్ కార్నర్‌తో ఇలా అంటాడు: "అన్నా, నువ్వు కాలు పట్టు, ఇడువకు. నేనొస్త." పొత్తు 30 ఉన్నప్పుడు ఈ మాట రాకూడదు, 60 దాటాకే రావాలి. అమ్మాయిల జట్టయితే అన్నా బదులు అక్కా వస్తుంది, కాబట్టి పిలుపును వాక్యంలో కలిపి రాయకుండా విడిగా ఉంచండి.

మాటలు రాసేటప్పుడు చూసుకోండి:

- ఒక్కో సంఘటనకు, ఒక్కో స్వభావానికి కనీసం నాలుగు వాక్యాలు. ఒకటే తిరిగి వస్తే ఆ మనిషి బొమ్మ అయిపోతాడు.
- జూనియర్ సీనియర్‌ను పేరు పెట్టి పిలవకూడదు. కోచ్‌ను సార్ అనాలి.
- యాస రాసినవాళ్లు ఆ యాస మాట్లాడేవాళ్లయి ఉండాలి. లేదంటే అలాంటి ఒకరితో పైకి చదివించండి.
- ఒత్తులు సరిగ్గా కనిపిస్తున్నాయా? గేములు తయారు చేసే సాఫ్ట్‌వేర్లలో గోడో 4లో తెలుగు సరిగ్గా వస్తుంది. యూనిటీలో అక్షరాలు చూపించే టెక్స్ట్‌మెష్ ప్రో వాడితే ఒత్తులు, గుణింతాలు విడిపోయే ఇబ్బంది ఉంది, మొదటి రోజే పరీక్షించండి. మండలి, నోటో సాన్స్ తెలుగు వంటి ఉచిత ఫాంట్లు దొరుకుతాయి.

9. పరీక్షించడం

ముందు గూగుల్ షీట్స్‌లో ఒక రైడ్ లెక్క సరిచూడండి. తర్వాత బొమ్మలు లేకుండా, ఉత్త అక్షరాలతో మ్యాచ్ నడిపే ప్రోగ్రామ్ రాయండి. తెర డిజైన్ చివరికి. ఈ వరుస తప్పితే, బటన్లు అందంగా పెట్టుకున్నాక సూత్రం మార్చడానికి మనసు రాదు.

నైపుణ్యం అచ్చంగా సమానమైన రెండు జట్లు తయారు చేయండి. ఒకదానికి జోడీల పొత్తు అంతా 20, ఇంకోదానికి 80. వెయ్యి మ్యాచ్‌లు నడపండి. పొత్తు ఉన్న జట్టు 60 శాతం దగ్గర గెలిస్తే బాగుంది. 70 దాటితే కెమిస్ట్రీ నైపుణ్యాన్ని మింగేస్తోంది, 53 లోపు ఉంటే ఎవరూ గమనించరు. ర్యాండమ్ సీడ్ (లాటరీ అంకెల వరుసను మొదలుపెట్టే సంఖ్య) దాచుకోండి. తేడా వచ్చిన మ్యాచ్‌ను మళ్లీ అచ్చం అలాగే నడిపి చూడొచ్చు.

తర్వాత ఒక్కో గుణాన్నీ ఆపేసి ఒక సీజన్ ఆడించండి. ఆడినవాళ్లకు తేడా తెలియకపోతే ఆ గుణం తీసేయండి.

10. తరచుగా వచ్చే తప్పులు, సవరణలు

గెలిచేవాళ్లే గెలుస్తూ పోవడం. గెలిస్తే మూడ్ పెరుగుతుంది, మూడ్ వల్ల మళ్లీ గెలుస్తారు, సీజన్ మూడో వంతుకే ఫలితం తేలిపోతుంది. మూడ్‌ను ప్రతి వారం మామూలు స్థాయి వైపు కొంత లాగండి. బలహీన జట్టు మీద గెలుపుకు తక్కువ సంతోషం, బలమైన జట్టు మీద గెలుపుకు ఎక్కువ సంతోషం ఇవ్వండి. అన్నిటికన్నా ఎక్కువ గేములను చెడగొట్టేది ఈ తప్పే, కాబట్టి ముందు దీన్నే చూడండి.

రోజూ పంచాయితీ. వారానికి ఆరు అలకలు వస్తే ఆడేవారు చదవడం మానేసి బటన్ నొక్కుకుంటూ పోతారు. వారానికి ఒకటి, అరుదుగా రెండు. మిగతావి వరుసలో ఆగాలి, బలమైనదే ముందుకు రావాలి.

ఒకే సరైన జవాబు. "మెచ్చుకోండి" నొక్కితే అందరూ సంతోషిస్తే అది సంభాషణ కాదు. ఆశ ఎక్కువ ఉన్నవాడికి ఉత్త మెచ్చుకోలు చాలదు, ఆడించే తేదీ కావాలి. కోపంలో ఉన్నవాడితో ఓడిన రాత్రి మాట్లాడితే చెడాలి, మర్నాడు మాట్లాడితే కుదరాలి.

జట్టు మార్చడానికి భయం. పొత్తు విలువ మరీ ఎక్కువైతే కొత్తవాళ్లను ఎవరూ ఆడించరు. ప్రాక్టీస్ మ్యాచ్‌లలో కూడా పొత్తు పెరగనివ్వండి, అసలు మ్యాచ్‌లో సగం వేగంతో. అప్పుడు కోచ్ రాబోయే సీజన్ కవర్‌ను ఈ సీజన్‌లోనే తయారు చేసుకోగలడు.

మారని మనుషులు. పదిహేడేళ్లకు కోపిష్టి అయినవాడు ముప్పై దాకా అలాగే ఉంటే కథ లేదు. మంచి సీనియర్‌తో ఒకే గదిలో సీజన్ అంతా గడిపిన జూనియర్‌కు సాధన ఒక అంకె పెరగనివ్వండి. చెడ్డ జోడీ అయితే ఒక అంకె తగ్గనివ్వండి. గది పంపకాల తెరను ఎవరూ దాటేసి పోకుండా నిలిపేది ఈ ఒక్క నియమమే.